లగేజీ



నవంబరులో మూడు వారాలు నేనేమీ రాయలేదు. ఒంట్లో బాగాలేదేమోనని కొందరు ఫోన్ చేశారు. దుబాయిలో ఉన్న మన తమ్ముడొకడు ఉపవాస ప్రార్థన కూడా పెట్టించాడట. నేను బాగానే ఉన్నాను. కారణం చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను, అంతే. కారణం ఒక కుక్కపిల్ల.

మన సంఘంలో గొర్రెలు కాసుకునే కుటుంబం ఒకటి ఉంది కదా, వాళ్ల చిన్నోడు జ్వరం నుంచి లేచాడని కృతజ్ఞత కానుక తెచ్చారు. మన దగ్గర కానుకంటే గుమ్మడికాయో, నాటుకోడో, పంట రోజులైతే తట్టెడు కందులో. ఆరాధన అయ్యాక వేలం వేస్తాం, వచ్చిన డబ్బు మందిరం ఖాతాలో పడుతుంది. ఆ రోజు ఆ తల్లి కొంగు విప్పితే అందులోంచి రెండు నెలల కుక్కపిల్ల తల బయటపెట్టింది. "ఇది అయ్యగారికే, వేలం వెయ్యొద్దు" అని ముందే చెప్పేసింది. సంఘమంతా నవ్వింది. నేనూ నవ్వాను, లోపల మాత్రం గుండె జారింది.

తేనె రంగు పిల్ల. మూతి పొడుగు, నడుము సన్నం, కాళ్లు మాత్రం వేరే ఏదో జంతువువి తెచ్చి అతికించినట్టు పొడుగ్గా ఉన్నాయి. కర్ణాటక సరిహద్దు కాబట్టి మన వైపు గొర్రెల మందల్లో ఇలాంటి కుక్కలు కనిపిస్తూనే ఉంటాయి. వేటకుక్క అనే అంటాం. ఒకప్పుడు చెవులపిల్లుల వెంట ఉరికించేవాళ్లు. 1972 చట్టం వచ్చాక ఆ వేట నేరం. ఇప్పుడు వాటి పని మంద చుట్టూ తిరిగి తోడేలు జాడ చెప్పడమే. వీటికి ముక్కు కంటే కన్ను పెద్ద బలం. దూరంగా కదిలినదాన్ని చూసిందంటే ఇక ఆగదు. బాగల్‌కోట్ జిల్లా ముధోల్ పేరు మీద ముధోల్ హౌండ్ అంటారు చూడండి, అదే జాతి రక్తం ఇందులో ఉందని తర్వాత పశువుల డాక్టరు చెప్పాడు. 2005లో తపాలా శాఖ మన దేశపు కుక్కల మీద నాలుగు బిళ్లలు వేస్తే అందులో ముధోల్‌ది ఒకటి. 2016లో సైన్యం వీటిని మీరట్ తీసుకెళ్లి శిక్షణ కూడా ఇప్పించింది. అంత పేరున్న జాతి అని నాకు ఆ రోజు తెలియదు. నాకు తెలిసిందల్లా, ఇది పెరుగుతుంది, తింటుంది, నా జీతం మాత్రం పెరగదు.

రెండు రోజులు ఇంట్లో పెట్టుకున్నాం. మూడో రోజు నాకొక ఆలోచన వచ్చింది: దీన్ని మామయ్యకు ఇద్దాం. మీ అమ్మగారితో "పాపం ఒంటరిగా ఉన్నాడు, తోడుగా ఉంటుంది" అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎంత మంచి మనసు అనుకుంది. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం ఆమెకు ఈ మధ్యే చెప్పాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను: ఆ కుక్కపిల్ల నాకు బరువనిపించింది. వద్దనడానికి ధైర్యం లేదు, ఉంచుకోవడానికి మనసు లేదు.

మామయ్య సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. (2022 నుంచి గార్డు అనకూడదట, ట్రైన్ మేనేజర్ అనాలట. ఆయన ముందు ఆ మాటంటే ఒప్పుకోడు.) సికింద్రాబాద్‌లో రెజిమెంటల్ బజార్ గల్లీలో రెండు గదుల ఇల్లు, షాబాద్ బండల నేల. ఇటు మోండా మార్కెట్, అటు స్టేషన్. పేరులోనే ఉంది కదా, ఇంగ్లీషువాళ్ల పటాలాలకు సరుకులు అమ్మిన బజారు. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఈ ఊరికి సికింద్రాబాద్ అని పెట్టారు. స్టేషన్ 1874 నాటిది, వాడి నుంచి మన తాండూరు, వికారాబాద్ మీదుగా వచ్చిన లైనుకు. అంటే మన ఊరి పక్క నుంచి పోయే పట్టాలే మామయ్య ఇంటి పక్కదాకా పోతాయి. మీ అమ్మగారు పెళ్లైన కొత్తలో దిగులు పడినప్పుడల్లా ఆ మాట చెప్పి ఊరడించేవాణ్ణి.

పోయిన మట్టల ఆదివారానికి వారం ముందు అత్తయ్య ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది. నలభై ఆరేళ్ల కాపురం. ఆ తర్వాత మామయ్య మాట తగ్గించాడు, తిండి తగ్గించాడు, గుడికి రావడం మానేశాడు. మా దగ్గరికి రమ్మంటే రాడు. సాయంత్రం కుర్చీ గుమ్మంలో వేసుకుని స్టేషన్ అనౌన్స్‌మెంట్లు వింటూ కూర్చుంటాడు. ఆ స్టేషన్ కూడా ఇప్పుడు ఆయనకు తెలిసిన స్టేషన్ కాదు. 2023 ఏప్రిల్‌లో కొత్తదానికి శంకుస్థాపన చేశారు, పాత కట్టడాలు పడగొట్టారు. "ఇద్దరూ ఒక్కసారే పోయిన్రు" అన్నాడొకసారి. ఇద్దరూ అంటే అత్తయ్యా, స్టేషనూ అని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది.

నేను నెలకోసారి వెళ్లేవాణ్ణి. బైబిలు తెరిచేవాణ్ణి. పునరుత్థానం గురించి, పరలోకం గురించి, ఆదరణ గురించి ఎనిమిది నెలల్లో నేను చెప్పని వాక్యం లేదు. ఆయన తల వంచుకుని వినేవాడు. చివర్లో "టీ తాగుతవా అయ్యగారూ" అనేవాడు. అల్లుణ్ణయినా ఆయన నన్ను అలాగే పిలుస్తాడు, సగం గౌరవం, సగం ఎగతాళి. యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చినప్పుడు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట లేకుండా ఆయనతోపాటు నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే వాళ్లు తప్పు చేయడం మొదలుపెట్టారు. ఆ అధ్యాయాల మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో. మామయ్య దగ్గర మాత్రం ఏడు నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్న గుర్తు లేదు.

సరే, ప్రయాణం. మన ఊరి టమాట ట్రాలీ రాత్రి బయలుదేరి తెల్లారేసరికి బోయిన్‌పల్లి మార్కెట్‌కు చేరుతుంది కదా. దానిలోనే ఎక్కాం. మీ అమ్మగారు డ్రైవరు పక్కన, నేను వెనక డబ్బాల మధ్య, నా ఒళ్లో ఇది. దారంతా వణికింది. శంకర్‌పల్లి దాటాక నా లుంగీ తడిపింది. చలికి నా చంకలో మూతి దూర్చి పడుకుంటే, వదిలించుకోవడానికి తీసుకెళ్తున్నవాడి చంకలోనే ఇంత నమ్మకంగా ఎలా నిద్రపోతుందా అనిపించింది. అక్కడి నుంచి ఆటో.

మామయ్య తలుపు తీసి మా ముఖాలు చూడలేదు, నా చేతిలోదే చూశాడు.

"ఏందిది?"

"కుక్కపిల్ల, డాడీ" అంది మీ అమ్మగారు.

"కనబడ్తుంది. నాకెందుకు తెచ్చిన్రు? నన్ను చూస్కోనీకి మనిషి దొరకలేదా?"

నేను సిద్ధం చేసుకున్న మాటలేవీ రాలేదు. ఆదివారం దాకా ఉంచు, తర్వాత తీసుకెళ్తాం అన్నాను. అదీ అబద్ధమే.

దాన్ని నేల మీద దించితే ఆ నున్నటి బండల మీద నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారాయి. లేచింది, మళ్లీ జారింది. మామయ్య నవ్వలేదు. లోపలికెళ్లి గోనెసంచి తెచ్చి పరిచాడు. "నా సర్వీసుల వందల కుక్కల్ని తీస్కపోయిన" అన్నాడు. బ్రేక్ వ్యాన్‌లో కుక్కల పెట్టె ఉంటుందట, టికెట్ కట్టి బుక్ చేస్తే గార్డు బాధ్యత. "దొరసాని కుక్కలు, మిలటరీ ఆఫీసర్ల కుక్కలు. మాకైతే అన్నీ లగేజే. దిగేటప్పుడు సంతకం పెట్టించుకోని ఇచ్చేసుడే. ఒక్కదాని పేరు గూడ అడగలే."

ఎనిమిది నెలల్లో ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేను వినలేదు. అయినా ఆ రోజు నాకు అది పట్టలేదు, సాయంత్రం బండికి టైం అవుతోంది. మీ అమ్మగారు ఉంటానంది, నేను వచ్చేశాను.

ఇక్కడ నా తప్పు ఇంకొకటి రాయాలి. కుక్కపిల్లకు ఆరేడు వారాల వయసులో మొదటి టీకా వేయించాలి, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలల దాకా వేయిస్తూ ఉండాలి, అప్పటిదాకా వీధి కుక్కలు తిరిగే చోట నేల మీద వదలకూడదు. ఇవేవీ నాకు తెలియవు. అడిగి తెలుసుకోవాలనీ తోచలేదు. కోడిని ఇచ్చినట్టు ఇచ్చేసి వచ్చాను.

అయిదో రోజు రాత్రి ఫోన్ వచ్చింది. కుక్కపిల్ల వాంతులు చేసుకుంటోంది, నెత్తురు విరేచనాలు, లేవడం లేదు. తెల్లారి నేను చేరేసరికి డాక్టరుకు చూపించి తెచ్చారు. పార్వో. వైరస్ జబ్బు, దాన్ని నేరుగా చంపే మందు లేదు. ఒంట్లో నీరు తగ్గకుండా సెలైన్ ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, దాని బలమే దాన్ని గట్టెక్కించేదాకా కాపాడుకోవాలి. టీకా వేయని పిల్లల్లో చాలా పోతాయి. డాక్టరు అది చెప్పి, "మూడు నాలుగు రోజులు గడిస్తే ఆశ ఉంది" అన్నాడట.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ముందు గదిలో కిటికీ ఊచకు సెలైన్ సీసా వేలాడుతోంది. మామయ్య నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. డెబ్బై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులని గుడిలో కూడా కుర్చీ అడిగే మనిషి. ఆయన ముందు కుక్కపిల్ల. దాని కింద అత్తయ్య బొంత.

ఆ బొంత గురించి చెప్పాలి. అత్తయ్య తన పాత చీరలన్నీ కలిపి కుట్టుకున్న బొంత అది. పెళ్లి చీర ముక్క కూడా అందులో ఉంది. ఆమె పోయాక మామయ్య దాన్ని మడిచి, గార్డు డ్యూటీలో మోసిన పాత ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాడు. కూతురు ఒకసారి ఎండలో వేస్తానంటే ఇవ్వలేదు. వాసన పోతుందని. ఇప్పుడది తడిసి, నెత్తురు అంటి, గదంతా కంపు కొడుతోంది.

మీ అమ్మగారు నా వెనకే నిలబడి నోరు కొంగుతో మూసుకుంది. "డాడీ, అమ్మ బొంత" అంది.

"బండల మీద సల్లగుంది, వణుకుతుంది" అన్నాడాయన తల తిప్పకుండా. "ఉతికితే పోతది తీయ్."

నేను బైబిలు సంచి పక్కన పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియలేదు, ఈసారి నిజంగానే తెలియలేదు. ఆయన సెలైన్ చుక్కలు లెక్కపెడుతున్నాడు. అర్ధరాత్రి దాటాక నాకు కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి ఆయన గొంతు వినిపిస్తోంది. కుక్కతో మాట్లాడుతున్నాడనుకున్నాను. కాసేపు వింటే తెలిసింది, కుక్కతో కాదు. "నువ్వు తీస్కపోతే తీస్కపోయినవ్, ఆమెను తీస్కపోయినవ్, నేనేమన్న అన్ననా?" అంటున్నాడు. "దీన్నన్న ఇడ్సిపెట్టు." కోపంగా ఉంది ఆ గొంతు. ఆ తర్వాత ఏడుపు. అత్తయ్యను మట్టిచేసిన రోజు కూడా ఆయన ఏడవలేదు. నేను కళ్లు తెరవలేదు. నిద్రపోతున్నట్టే పడుకున్నాను, ఆ రాత్రి నేను చేయగలిగిన మంచి పని అదొక్కటే అనిపించింది.

అది మోషే, యిర్మీయా చేసిన లాంటి ప్రార్థనేనా, కాదా అని ఎవరైనా వాదిస్తే నేను రాను. ఎనిమిది నెలల తర్వాత ఆయన దేవుడితో మాట్లాడాడు, అదీ ఒక కుక్క కోసం. నేను ఆయనకు ఆదరణ తీసుకెళ్లి తీసుకెళ్లి అలసిపోయాను. ఆయన్ని ఏదైనా అడగాలని, మాకు నీతో పని ఉందని చెప్పాలని ఒక్కసారి కూడా నాకు తోచలేదు. ఆ పిల్ల వచ్చినప్పటి నుంచి అడుగుతూనే ఉంది, పాలు అని, చలి అని, భయం అని.

నాలుగో రోజు అది తోక కదిపింది. ఆరో రోజు గంజి తాగింది. ఇల్లంతా బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడిగాం, ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుందట. బొంత కడగడం మామయ్యే చేశాడు, ఎవరినీ ముట్టనివ్వలేదు. మరకలు పూర్తిగా పోలేదు. మళ్లీ పెట్టెలో పెట్టలేదు కూడా.

పేరు దగ్గర పెద్ద చర్చ జరిగింది. నేను కాలేబు అని పెడదామన్నాను. హెబ్రీ భాషలో కాలేబు పేరుకీ, కుక్క అనే మాటకీ ఉన్న అక్షరాలు ఒకటే, ఆ సంగతి చెప్పి నా చదువు చూపించుకున్నాను. మన సంఘ పెద్ద ఒకాయన ఫోన్‌లో ఇది విని, భక్తుడి పేరు కుక్కకా అని నొచ్చుకున్నాడు, కుక్కలు పట్టణం వెలుపల ఉంటాయని ప్రకటన గ్రంథం కూడా గుర్తుచేశాడు. కనాను స్త్రీ ప్రభువుతో మాట్లాడినప్పుడు చెప్పిన కుక్కపిల్లలు ఇంటి లోపల, బల్ల కిందే ఉన్నాయి కదా అన్నాను. ఆ వాదన ఇంకా తెగలేదు. మామయ్య తేల్చేశాడు: "బైబిల్ పేరొద్దు. చెప్పులు కొరికితే తిట్టాలె. కాలేబును ఎట్ల తిడ్త?" ఆయన లగేజీ అని పిలుస్తున్నాడు. అది కూడా ఆ పేరుకే వస్తోంది.

గల్లీలో పిల్లలు ఇది హౌండ్ అని విని, గ్రేహౌండ్స్ పోలీసులు దీన్ని అడవికి తీసుకెళ్తారా అని అడుగుతున్నారు. ఆటలో ఒకడి చేతికి దాని పాలపళ్లు గీసుకున్నాయి. మామయ్య వెంటనే వాణ్ణి కుళాయి దగ్గరికి తీసుకెళ్లి పదిహేను నిమిషాలు గడియారం చూస్తూ సబ్బుతో కడిగించి, సూది మందు కోసం ఆసుపత్రికి నడిపించాడు. ఇది మన ఊరివాళ్లు గట్టిగా వినాలి. కుక్క పన్ను గీసుకుంటే ఇప్పటికీ కారం, సున్నం పూసేవాళ్లు మనలో ఉన్నారు. దయచేసి మానండి. సబ్బు, నీళ్లు, ఆ రోజే ఆసుపత్రి. సూదులన్నీ పూర్తయ్యేదాకా మధ్యలో మానకండి. లగేజీకి మూడో నెల నిండగానే రేబిస్ టీకా వేయించారు. ఆ కాగితం మామయ్య పాత డ్యూటీ పాసుల సంచిలో భద్రంగా ఉంది.

పోయిన నెల భోజనాల దగ్గర చూశాను. ఆయన పళ్లెంలో సగం అన్నం పక్కకు జరిపి ఉంది, బల్ల కింద ఒక మూతి కాచుకుని ఉంది. మీ అమ్మగారు కోప్పడింది. ఆయన నావైపు చూసి, "నాతాను చెప్పిన కథల బీదోని గొర్రెపిల్ల వాని గిన్నెలనే తాగేదంట గద అయ్యగారూ?" అన్నాడు. వాక్యం ఆయనే ఎత్తాడు. నేను అవునన్నాను, అంతకు మించి ఒక్క మాట కలపలేదు. మీరు మెచ్చుకోవాలి.

కానీ డాక్టరు చెప్పిన ఒక మాట మా ముందుంది. ఈ జాతి మగ కుక్క భుజం దగ్గర డెబ్బై సెంటీమీటర్ల దాకా ఎదుగుతుంది. రోజూ పరిగెత్తాలి, లేకపోతే దానికీ సుఖం ఉండదు, ఇంట్లోవాళ్లకూ ఉండదు. రెజిమెంటల్ బజార్‌లో రెండు గదులు, బయట బండ్లు. ఇది మైదానాల కోసం పుట్టిన ప్రాణి, నేను తెచ్చి గల్లీలో పెట్టాను. మామయ్య తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, బండ్లు తక్కువ ఉన్నప్పుడు తాడు పట్టుకుని నడిపిస్తున్నాడు. మోకాళ్లకు నూనె రాసుకుని మరీ. ఇప్పటికి సరిపోతోంది. ఏడాది తిరిగాక ఏం చేద్దామని అడిగాను.

"ఏడాది ఉంటనని నువ్వన్న అంటున్నవ్" అన్నాడు.

ఈ శనివారం ఆయనే ఫోన్ చేశాడు. సాధారణంగా చేయడు. టమాట ట్రాలీ బోయిన్‌పల్లి నుంచి ఖాళీగా ఎన్నింటికి తిరిగొస్తుంది అని అడిగాడు. పొద్దున ఎనిమిదికి అన్నాను.

"మీ దిక్కు కంది కోతలు ఎప్పుడైతయ్?"

"సంక్రాంతికల్లా అయిపోతాయి, మామయ్యా."

"చేన్లు ఖాళీగుంటయ్ కద. ఒక్కసారి ఉరికించాలె దీన్ని, అదెట్ల ఉరుకుతదో నేను చూడాలె." కాసేపు ఆగాడు. స్టేషన్ అనౌన్స్‌మెంట్ వినిపించింది. "రెండ్రోజులే ఉంట. మళ్ల పట్టుకోకున్రి."

మీ అమ్మగారు అప్పుడే వెనక గదిలో మంచం దులపడం మొదలుపెట్టింది. గొర్రెల కాపరి ఇంటికి నేను కబురు పంపాను. సంక్రాంతి తర్వాతి రోజు మంద ఏ చేలో ఉంటుందో ముందే చెప్పమన్నాను, తల్లి కుక్క కూడా అక్కడే ఉంటుంది.